పావుగంట వంతెన

మా బాన్సువాడ కాలేజీ గ్రౌండులో పొద్దున్నే పరుగులు తీసే పిల్లలు నన్ను చూస్తే ఆగుతారు. నేను సరిహద్దు బలగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి, వాళ్లేమో అలాంటి నౌకరీ కోసమే కాళ్లు అరగదీసుకుంటున్నవాళ్లు. అదొక చుట్టరికం. "సార్, బార్డర్ల డ్యూటీ ఎట్లుంటది?" అని అడుగుతారు. అడిగేటప్పుడే వాళ్ల కళ్లలో మంచు కొండలు, తుపాకులు, వెనకాల బ్యాండుతో సహా కనిపిస్తాయి. ఉన్నమాట చెబితే రేపటి నుంచి గ్రౌండుకు రారేమోనని ఇన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు ఎలాగూ రాయడానికి కూర్చున్నాను గనుక దాచేదేముంది. బాబూ, ఆఖరి పోస్టింగులో నేను చేసిన దేశసేవ ఏమిటంటే, ఒక గేటుకు పొద్దున తాళం తీయడం, సాయంత్రం తాళం వేయడం. అది కూడా మేం సరిగ్గా చేయలేకపోయాం.

ఉత్తరాఖండ్ కొండల్లో, నేపాల్ సరిహద్దులో, లోతైన లోయకు అటొక ఊరు, ఇటొక ఊరు. మధ్యలో నది. బస్సు దిగి కొండదారి పట్టి రోజంతా నడిస్తే గానీ చేరలేం. రెండు ఊళ్లనూ కలుపుతూ ఇనుప తాళ్లకు వేలాడే కాలినడక వంతెన ఉంది. ఇటు కొసన మా గేటు, అటు కొసన వాళ్ల గేటు, నట్టనడుమ ఒక పసుపు గీత. దేశాలు రెండు గానీ మనుషులు మాత్రం ఒక్కటే. ఒకే దేవత, ఒకే రకం ఉప్పు టీ, ఒకే రకం తగాదాలు. ఇటు పిల్లను అటు ఇస్తారు, అటు పిల్లను ఇటు తెచ్చుకుంటారు. మా గేటు దాటి పోయేవాళ్లలో సగం మంది అత్తగారింటికో పుట్టింటికో పోయేవాళ్లే.

తేడా అల్లా గడియారంలోనే. నేపాల్ టైము మన టైముకంటే పావుగంట ముందు నడుస్తుంది. గంటా కాదు, అరగంటా కాదు, పావుగంట. పొద్దున ఆరింటికి గేటు తీయాలి, సాయంత్రం ఆరింటికి మూయాలి అని మాకు ఆర్డరు. అక్షరం పొల్లుపోకుండా వాళ్లకూ అదే ఆర్డరు. ఇద్దరి ఆరూ ఒకటి కాదన్న సంగతి మాత్రం రాసినవాళ్లకు తట్టలేదు. దాంతో రోజూ పొద్దున అటువైపు పాలమ్మే ఆడవాళ్లు వాళ్ల గేటు దాటి వచ్చి, మా గేటు తీసేదాకా నది మీద ఈదురుగాలిలో వణుకుతూ నిలబడేవాళ్లు. సాయంత్రం ఇటువైపు వాళ్లు మా గేటు తెరిచే ఉంది కదా అని ఎదురు గట్టు దాకా పోయి, మూసిన గేటుకు దండం పెట్టి వెనక్కి వచ్చేవాళ్లు. తాతల నాటి నుంచి ఇంతేనని వాళ్లూ సరిపెట్టుకున్నారు. పిట్లం బస్సు ఎప్పుడొస్తుందని అడిగితే "గిప్పుడే అస్తది" అని చెప్పి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టే ఊరి నుంచి పోయినవాణ్ణి నేను. పావుగంటకు కూడా ఒక గేటు ఉంటుందని అక్కడే నేర్చుకున్నాను.

నాతోపాటు ఆ గేటు దగ్గర మన ప్రాంతం మనిషి మరొకడు ఉండేవాడు. వర్ని దగ్గరి ఊరివాడు, సిపాయి. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కున్నారు. మా ఇళ్ల మధ్య ఒక చిన్న బస్సు టికెట్టు దూరం, మా మాటల మధ్య మాత్రం కృష్ణా గోదావరి అంత దూరం. నేను "ఏందిరా తమ్మీ" అంటే, వాడు "ఏంటన్నయ్యా" అనేవాడు. నా యాస మీద వాడు, వాడి దీర్ఘాల మీద నేను నవ్వుకుంటూ చలికాలాలు గడిపాం.

గేటు పక్కనే ఒక టీ కొట్టు. దాన్ని నడిపే ఆమెను అందరూ దీదీ అనేవాళ్లు, అంటే మన అక్కే. భర్త లేడు, ఒక్కతే కూతురు. కొట్టులో రేడియో పొద్దస్తమానం మోగుతూనే ఉండేది. ఆమె మాట్లాడింది కొండ హిందీయే అయినా, ఎందుకో ఆమె మాటలు నాకిప్పుడు మన బాన్సువాడ మాటల్లోనే గుర్తొస్తాయి. అందుకే అలాగే రాస్తాను.

ఇలా ఉండగా మా పోస్టుకు కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. క్రమశిక్షణ అంటే పడిచచ్చే మనిషి. వచ్చిన రోజే గేటు దగ్గర మమ్మల్ని వరసలో నిలబెట్టి అందరి చేతి గడియారాలూ చూశాడు. ఒకదానికొకటి పొంతన లేదు. వర్ని తమ్ముడిదైతే ఆగిపోయి ఉంది, మామగారు పెట్టిందని తీయకుండా తిరుగుతున్నాడు.

"గడియారం మనిషి తిప్పితే తిరుగుతుంది. ఫోనులో టైము పైనుంచి వస్తుంది. పైనుంచి వచ్చేదానిలో తప్పుండదు. ఇకమీదట గేటుకు ఫోను టైమే లెక్క" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పైనుంచి వచ్చేవాటి గురించి నా సర్వీసంతా చెప్పే అనుభవం వేరు. అయినా సెల్యూట్ కొట్టాను.

ఇక్కడొక చిన్న సంగతి చెప్పాలి. మా క్యాంపు కొండ మీద, అవతలి వాలులో. అక్కడ మన టవరు సిగ్నల్ అందేది. కిందికి, గేటు దగ్గరికి వస్తే మనది తెగిపోయి, ఎదురు గట్టు టవరు అందుకునేది. టవరు మారితే ఫోనులో టైము కూడా దానంతట అదే మారిపోతుంది. ఇన్‌స్పెక్టరు హుకుం పుణ్యమా అని ఇండియా గేటు ఆ రోజు నుంచి నేపాల్ టైముకు తెరుచుకోవడం, నేపాల్ టైముకు మూసుకోవడం మొదలుపెట్టింది. ఎవరికీ తెలియదు.

తెలియలేదు గానీ బాగుంది. రెండు గేట్లూ ఒకేసారి తెరుచుకున్నాయి, ఒకేసారి మూసుకున్నాయి. పాలమ్మే ఆడవాళ్లు గాలిలో నిలబడే పనిలేకుండా గడగడా నడిచి వచ్చేశారు. కొత్త సార్ వచ్చినంక గేటు మంచిగ నడుస్తున్నదని ఊరంతా ఒకటే పొగడ్త. రోజూ గేటు పక్కనే ఉన్న ఇన్‌స్పెక్టరు గదికి ఒక ముంత గట్టి పెరుగు రావడం మొదలైంది. ఆయన ఆ పెరుగు తింటూ, క్రమశిక్షణ ఉంటే సరిహద్దులో కూడా ప్రజల మనసు గెలవొచ్చని మాకు పాఠం చెప్పేవాడు.

చిక్కంతా మాకే. క్యాంపులో టైముకే బయలుదేరి కొండ దిగితే, గేటు దగ్గరికి చేరేసరికి లేటు.

"దారిలో పావుగంట ఏం చేశారు?" అని ఇన్‌స్పెక్టరు నిలదీసేవాడు.

"నడిచినం సార్" అనేవాణ్ణి.

"నడిస్తే ఇంత లేటవుతుందా? మధ్యలో ఎక్కడో టీ తాగుతున్నారు."

దారిలో టీ బందు. డ్యూటీ దిగి కొండెక్కి క్యాంపుకు పోతే మాత్రం, ఇంత తొందరగా ఎలా వచ్చారు, గేటు వదిలి ముందే బయలుదేరారా అని అక్కడివాళ్ల అనుమానం. "దిగేటప్పుడు ముసలోళ్లం అవుతున్నాం అన్నయ్యా, ఎక్కేటప్పుడు మళ్లీ వయసు తగ్గుతోంది. లెక్కకు లెక్క సరిపోయింది, నువ్వు బాధపడకు" అనేవాడు వర్ని తమ్ముడు.

వాడే ఒక రోజు టీ కొట్టు ముందు కూర్చుని, "ఈ మధ్య రేడియోలో వార్తలు లేటుగా చదువుతున్నారు, చూశావా?" అన్నాడు.

"సదివేటోడు కొత్తోడేమోరా" అన్నాను.

పక్కనుంచి విన్న ఇన్‌స్పెక్టరు, "రేడియోవాళ్లకు క్రమశిక్షణ లేదు" అని తేల్చేశాడు. దేశం మొత్తం ఒక టైములో ఉండి, తన ఫోను ఒక్కటే ఇంకో టైములో ఉంటే, తప్పు దేశానిదే అనుకునే ధైర్యం అందరికీ ఉండదు.

నాకు ఆ రేడియో మాటతో అనుమానం వచ్చింది. ఫోను చేతిలో పట్టుకుని కొండ ఎక్కుతూ దిగుతూ చూశాను. ఒక మలుపు దగ్గర టైము టక్కున మారింది. సంగతి వర్ని తమ్ముడికి చెప్పాను. ఇద్దరం ఆ మలుపు దగ్గరే కూర్చుని చాలాసేపు నవ్వాం. నవ్వు ఆగాక, సార్‌కు చెప్పాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. చెబితే పాలమ్మే ఆడవాళ్లు మళ్లీ చలిలో నిలబడాలి. చెప్పకపోతే మాకు రోజూ తిట్లు. తిట్లు మాకు అలవాటే గనుక చెప్పలేదు. ఇప్పటికీ నాకు దాని మీద ఏ పశ్చాత్తాపమూ లేదు.

కొన్ని నెలలు గడిచేసరికి రెండు ఊళ్ల జనం పాత పావుగంట గొడవే మరిచిపోయారు. సుఖానికి అలవాటు పడడానికి మనిషికి ఎక్కువ రోజులు పట్టదు. ఆ వైశాఖంలో దీదీ కూతురి పెళ్లి కుదిరింది. అబ్బాయిది అటు ఊరే, కంచరగాడిదల మీద సరుకు మోయించే పని. ముందు రోజు మధ్యాహ్నమే మగపెళ్లివారు వంతెన దాటి వచ్చారు, రాత్రి పెళ్లి జరిగింది, మర్నాడు సాయంత్రం గేట్లు మూసేలోపు పిల్లను తీసుకుని దాటాలి. ఆ కొండల్లో గట్టి పట్టింపు ఒకటుంది. పుట్టింటి గడప దగ్గర తల మీదుగా వెనక్కి బియ్యం చల్లి బయటపడిన పిల్ల, అత్తగారి గడప తొక్కేదాకా వెనక్కి తిరిగి చూడకూడదు, వెనక్కి అడుగు వేయకూడదు. వేస్తే రెండు ఇళ్లకూ కీడు అంటారు.

సరిగ్గా ఆ మర్నాడు తెల్లవారగానే, చెప్పాపెట్టకుండా మా పెద్దసారు తనిఖీకి దిగాడు. ఆయన వచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది, పాలక్యాన్లు వరసగా లోపలికి వస్తున్నాయి. ఆయన తన చేతి గడియారం చూసుకున్నాడు.

"ఇంకా ఆరు కాలేదు. గేటు ఎవరు తీశారు?"

ఇన్‌స్పెక్టరు గర్వంగా ఫోను చూపించాడు. పెద్దసారు గడియారం చూపించాడు. టీ కొట్టులో రేడియో అప్పుడే, తన టైముకు తాను, ఉదయం ఆరు గంటలు కావస్తోందని చెప్పింది. పెద్దసారు ఎదురు గట్టు మీది టవరు వైపు చూసి, ఫోను వైపు చూసి, ఇన్‌స్పెక్టరు ముఖం వైపు చూశాడు.

"అంటే ఇన్ని నెలలుగా ఇండియా గేటు పరాయి దేశం గడియారం మీద నడుస్తోందా?"

ఇన్‌స్పెక్టరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. నేనూ వర్ని తమ్ముడూ బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాం. పెద్దసారు వెంటనే గేటు మూయించాడు. లోపల సగం పాలు, వంతెన మీద సగం పాలు. మన టైము ప్రకారం ఆరు అయ్యాక మళ్లీ గేటు తీయించాడు. దేశ గౌరవం నిలబడింది, కొన్ని పాలు మాత్రం గాలికి ఒలికిపోయాయి.

ఈ రోజు నుంచి సాయంత్రం గేటు పావుగంట ఆలస్యంగా మూస్తారట అన్న వార్త పెళ్లి ఇంటికి పాకింది. పాకించింది మా వర్ని తమ్ముడే, భోజనానికి పిలిస్తే పోయి, "కంగారు పడకండి, మా గేటు ఇంకో పావుగంట తెరిచే ఉంటుంది" అని చెప్పి వచ్చాడు. చెప్పింది అబద్ధం కాదు. మా గేటు తెరిచే ఉంటుంది. అటు గేటు సంగతి ఆ సంబరంలో ఎవరికీ గుర్తు రాలేదు, పెళ్లికొడుకు మేనమామకు తప్ప. ఆయన పొద్దు చూసి తొందరపెడుతూనే ఉన్నాడట. "గేటుకాడి సిపాయే చెప్పిండు, ఇంకా టైమున్నది" అని ఆయన నోరు మూయించారు. దీదీ ఆ మిగులు పావుగంటసేపూ కూతుర్ని వాటేసుకుని ఏడ్చింది. ఏడవడమే తప్ప ఒక్క మాటా మాట్లాడలేదట.

డోలు, సన్నాయితో ఊరేగింపు మా గేటు దాటి వంతెన ఎక్కేసరికి ఆరు కావడానికి ఇంకొంచెమే ఉంది. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. వెనక పెద్దసారు, గడియారం చేతిలో. జనం చివర దాకా పోయారు. డోలు ఆగిపోయింది. ఎదురు గేటుకు తాళం. ఇటు ఆరు కొట్టగానే పెద్దసారు, "మూయండి" అన్నాడు. మూశాం.

అప్పుడు గానీ ఎవరికీ అర్థం కాలేదు. పెళ్లికూతురు, పెళ్లికొడుకు, బంధువులు, డోలువాళ్లు, అందరూ నది మీద, రెండు తాళాల మధ్య. కొంగు నోట్లో కుక్కుకుని దీదీ మా గేటు కడ్డీలు పట్టుకుంది.

పెద్దసారు రాతిమనిషి కాదు. "వెనక్కి వస్తామంటే గేటు తీద్దాం, ఈ రాత్రికి ఇటే ఉండి పొద్దున పోతారు" అన్నాడు. ఇన్‌స్పెక్టరు ఆ మాట అరిచి చెప్పాడు. పెళ్లికొడుకు మేనమామ అక్కడి నుంచే చెయ్యి ఊపాడు. వెనక్కి రావడం కుదరదు. పిల్ల బియ్యం చల్లి వచ్చింది. మనం తెరవగలిగిన గేటు గుండా ఆమె రాకూడదు, ఆమె పోవలసిన గేటును మనం తెరవలేం. కింద నది హోరు, పైన చలిగాలి. పొద్దు కొండ వెనక్కి జారుతోంది. ఆ పిల్ల ఎర్ర చీరలో ముడుచుకుని, ఎదురు గేటు వైపు ముఖం పెట్టి, కదలకుండా నిలబడింది. ఆమె రోజూ దీదీ కొట్టులో తిరుగుతుండగా చూసినవాణ్ణి నేను.

"సార్, గీత దాకా పోయి అటు హవల్దారుతో మాట్లాడొస్త" అని పెద్దసారును అడిగాను. గీత దాటొద్దని చెప్పి పంపాడు.

అటు హవల్దారు నాకు ఎరుకే. పెద్ద మీసాలు, తక్కువ మాటలు, అవి కూడా నాకు మన మాటల్లోనే గుర్తున్నాయి. రోజూ పొద్దున ఒకరికొకరం తల ఊపుకునేవాళ్లం. గేటు అవతలి నుంచి వచ్చి కడ్డీల దగ్గర నిలబడ్డాడు.

"నేనేం చెయ్యాలె భాయ్? ఆరు ఎప్పుడో దాటింది. మా సాబ్ పైన కిటికీలకెల్లి చూస్తుండు" అని అక్కడి నుంచే కేకేశాడు.

దేశాల గురించి మాట్లాడితే పని కాదని తెలుసు. ఏం మాట్లాడాలో కూడా తెలియదు. నోటికి వచ్చింది నేనూ గట్టిగా అరిచి అడిగాను.

"నీకు పొలమున్నదా?"

"ఉన్నది. కొండకు మెట్ల లెక్క మడులు."

"నీళ్లు?"

"వాగు కాలువ. వంతుల మీద."

"వంతు అయిపోయినంక తూము మూస్తరు గదా. గప్పటికే కాలువల పారుతున్న నీళ్లు ఎవలయి?"

"వంతు ఎవనిదో వానియే. గది గూడ అడుగుతరా?" అన్నాడు హవల్దారు, నా తెలివి మీద జాలిపడుతూ.

"మరి వీళ్లు మా తూము తెరిచి ఉన్నప్పుడే కాలువల దిగిన్రు."

ఆయన మీసం కింద పెదవి కదిలింది. కాలువ కింద పుట్టినవాడికి ఈ న్యాయం ఎవరూ నేర్పనక్కర్లేదు. మా నాయన, పక్క పొలం ఆయన ఈ ఒక్క ముక్క మీదే గట్టు మీద కలబడి, ఇద్దరూ బురదలో పడి, చివరికి ఈ మాట దగ్గరే రాజీపడ్డారు. హవల్దారు వెనక్కి తిరిగి, వాళ్ల సాబ్ ఉండే మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. చాలా మెట్లు. మోకాళ్ల నొప్పుల మనిషి.

ఆయన ఎక్కి, మాట్లాడి, దిగేదాకా ఎవరూ చేయగలిగింది లేదు. అప్పుడు వెనక నుంచి దీదీ గొంతు వినిపించింది. కడ్డీల సందులోంచి, నది హోరుకు మించి అరుస్తోంది.

"బిడ్డా, నీలం స్వెట్టరు పెట్టె అడుగున పెట్టిన. చెవులు కట్టుకో."

పిల్ల వెనక్కి తిరగలేదు. చెయ్యి ఎత్తింది.

"ఆకలైతే అడుగు. కొత్తని సిగ్గుపడకు. మీ అత్త కోపమొస్తే మాట్లాడదంట, నువ్వే జర ముందుగల మాట్లాడు."

చెయ్యి మళ్లీ లేచింది. డోలువాడు కొట్టబోయి ఆగిపోయాడు. వంతెన మీద అందరూ వింటున్నారు. అటు గట్టు మీద అత్తగారు కూడా వింటూనే ఉండి ఉంటుంది.

"చిన్నప్పుడు బడికి పోలేదని కొట్టిన. మనసుల పెట్టుకోకు బిడ్డా. నాకు ఒక్కదానికి చాతగాక కొట్టిన."

ఈసారి చెయ్యి లేవలేదు. ఆ పిల్ల భుజాలు కదులుతున్నాయి. పెళ్లికొడుకు పక్కకు జరిగి, గాలికి అడ్డంగా నిలబడ్డాడు. నేను పసుపు గీత దగ్గర నిలబడి, ఇటూ చూడలేక, అటూ చూడలేక, నది వైపు చూశాను.

హవల్దారు తాళం చెవితో దిగి వచ్చాడు. వాళ్ల సాబ్ కూడా కాలువ కింది మనిషేనట. గేటు తెరుచుకుంది, డోలు మోగింది, పిల్ల వెనక్కి చూడకుండా అటు గట్టు మీది జనంలో కలిసిపోయింది.

దీని తర్వాత జరిగిన న్యాయం కూడా చెప్పాలి. ఇరువైపులా సమన్వయం బాగా సాధించాడని పెద్దసారు ఇన్‌స్పెక్టరును మెచ్చుకున్నాడు. పొలం గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ నా కుడి బూటు గీత దాటిందని నన్ను హెచ్చరించాడు. తన ఆఫీసు నుంచి పళ్లెమంత గోడ గడియారం పంపించి, దాని టైమే లెక్క అన్నాడు. పాలమ్మే ఆడవాళ్లు మళ్లీ గాలిలో నిలబడ్డారు. పెరుగు ముంత ఆగిపోయింది. వారం రోజులు ఇన్‌స్పెక్టరు పొద్దున్నే వచ్చి, కడ్డీల అవతల వణుకుతున్న వాళ్లను చూసి పోయేవాడు. ఒక పొద్దున గడియారం కింద స్టూలు వేయించాడు. "ఇది వెనకబడుతున్నట్టుంది" అని, తనే ఎక్కి, ముల్లు కొంచెం ముందుకు తిప్పి దిగాడు. ఎంత ముందుకో మేం అడగలేదు. పెరుగు కోసమే తిప్పాడని వర్ని తమ్ముడు అనేవాడు. నాకలా అనిపించలేదు. ఆయన మీద నాకు గౌరవం కలిగిన రోజు అదొక్కటే.

కానీ పిల్లలూ, మీరు అడిగారు కదా, డ్యూటీ ఎట్లుంటదని. ఆ సాయంత్రం అటు గేటు తెరిపించి నేను వంతెన మీద వెనక్కి నడిచి వచ్చేటప్పుడు, నిజంగా ఏదో గెలిచి వస్తున్నవాడిలా వచ్చాను. పతకం రాకపోయినా దీదీ నోటి నుంచి ఒక మంచి మాట వస్తుందనుకున్నాను. ఆమె ఇంకా కడ్డీలు పట్టుకునే ఉంది.

"ఫికర్ చెయ్యకు అక్కా, అయిపోయింది. గేటు తెరిచిన్రు" అన్నాను.

ఆమె నా వైపు చూసింది.

"గంత జల్ది ఎందుకు తెరిపిచ్చినవన్నా," అంది, "ఇంకా చెప్పేటియి ఉండె."